ఆకస్మిక తనిఖీల క్యాలెండర్

ప్రభుత్వ రహస్యాలు బయటపెట్టిన నేరానికి వీరభద్రాచారిని అరెస్టు చేశారంటే గుండ్లరేవులో ఎవరూ నమ్మలేదు. ఆయన భార్య పుణ్యవతి అసలే నమ్మలేదు. ముప్ఫై ఒక్క ఏళ్ళ కాపురంలో ఆయన నోటి నుంచి ఒక్క రహస్యం బయటికి రావడం ఆవిడ ఎరగదు. సొంత చెల్లెలికి సంబంధం కుదిరిన సంగతి కూడా శుభలేఖ అచ్చయ్యాకే ఇంట్లో చెప్పిన మహానుభావుడు. ఏదైనా అచ్చులో పడేదాకా జరిగినట్టు కాదని ఆయన లెక్క.

ఆయనకి బస్టాండు వెనక వీధిలో విశ్వకర్మ ప్రెస్సు ఉంది. శుభలేఖలు, కరపత్రాలు, బడి పిల్లల ప్రశ్నపత్రాలు వేస్తాడు. ప్రూఫులు దిద్దడం, మెషీను చూసుకోవడం పుణ్యవతి పని. ఏటా నవంబరులో మాత్రం అన్నీ పక్కన పెట్టి ఇద్దరూ ఆచారి క్యాలెండర్ వేస్తారు. చుట్టుపక్కల నాలుగు మండలాల్లో ఆ క్యాలెండర్ తగిలించని గోడ ఉండదు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం అన్ని క్యాలెండర్లలోనూ ఉంటాయి. ఆచారి క్యాలెండర్ ప్రత్యేకత ఏమిటంటే అందులో ఏ గడిలోనూ ఖాళీ ఉండదు. గడిలో జాగా మిగిలితే చూసేవాడికి ఆ రోజు దండగ అవుతుందని వీరభద్రాచారి తండ్రి అనేవాడట. అందుకని పండగా పబ్బమూ లేని గడుల్లో సంత ఏ ఊళ్ళోనో, కుళాయి ఎప్పుడొస్తుందో, పశువుల డాక్టరు ఎప్పుడు దిగుతాడో వేసి నింపేవాళ్ళు. ఆ కుటుంబంలో మూడు తరాలుగా ఇదే అలవాటు.

ఇలా ఉండగా ఆకస్మిక తనిఖీల ముందస్తు ఏర్పాట్ల విభాగం నుంచి ప్రెస్సుకి ఒక పని వచ్చింది. నవ్వకండి, జిల్లాలో అలాంటి విభాగం ఒకటి ఉంది. కలెక్టరుగారు ఆఫీసుల మీదికి ఆకస్మికంగా వెళ్ళాలని ప్రభుత్వ ఉత్తర్వు. నిజంగానే ఆకస్మికంగా వెళితే అక్కడ కుర్చీ ఉండదు, మంచినీళ్ళుండవు, ఒక్కోసారి ఆఫీసరే ఉండడు. అప్పుడు తనిఖీ చేయడానికి ఏమీ మిగలదు. అందుచేత ఏడాదికి సరిపడా తేదీలు ముందే నిర్ణయించి, ఆ జాబితాను అరవై ఆఫీసులకి పంపి, అందరూ ఆకస్మికానికి సిద్ధంగా ఉండేట్టు చూడడం ఆ విభాగం బాధ్యత. జాబితా మీద ఎర్ర సిరాతో "అతి రహస్యం" అని అచ్చు వేసి అరవై కాపీలు ఇమ్మన్నారు. ఆచారి వేసి ఇచ్చాడు.

అదే నెలలో క్యాలెండర్ పని. జాబితాలోని తేదీల్లో ముప్ఫై నాలుగు గడులు ఖాళీగా కనిపించాయి. ఈ జాబితా గురించి అరవై ఆఫీసుల వాళ్ళకీ, వాళ్ళ ఇళ్ళలో వాళ్ళకీ, షామియానా వాడికీ, పూలదండల వాడికీ తెలుసు. తెలియనిదల్లా ఆ ఆఫీసుల్లో పని ఉన్న జనానికే. ఆచారి ఆ తేదీల్లో చిన్న గొడుగు బొమ్మ వేసి, దాని కింద ఆఫీసు పేరు పెట్టాడు. గుర్తుల పట్టికలో ఏం రాయాలని పుణ్యవతి అడిగితే కాసేపు ఆలోచించి, "ఆ రోజు అక్కడ మనుషులుంటారు అని రాయి" అన్నాడు. ఆవిడ అలాగే రాసింది.

జనవరిలో ఎవరూ పట్టించుకోలేదు. ఫిబ్రవరిలో పక్కింటి మస్తానమ్మ మోకాళ్ళ నొప్పితో గొడుగు గుర్తున్న రోజు పెద్దాస్పత్రికి వెళ్ళి, డాక్టరుని ప్రత్యక్షంగా చూసి వచ్చింది. తెల్లకోటు వేసుకుని మెడలో గొట్టం తగిలించుకుని ఉన్నాడని వీధంతా చెప్పింది. మందులు కూడా ఇచ్చాడంటే కొందరు అతిశయోక్తి అనుకున్నారు. మార్చికల్లా ఊరికి సంగతి అర్థమైపోయింది. ఏప్రిల్ పదకొండున కలెక్టరుగారు చెప్పాపెట్టకుండా ఆస్పత్రికి వచ్చేసరికి ఎనిమిది వందల మంది పొద్దుటి నుంచి వరసలో నిలబడి ఉన్నారు. ఎవరో కుర్రకారు "ఆకస్మిక తనిఖీకి స్వాగతం" అని బ్యానరు కూడా కట్టారు. ఇంతమందికి ఎలా తెలిసిందని కలెక్టరుగారు ఒక ముసలాయన్ని అడిగితే, ఆయన సూపరింటెండెంటు కుర్చీ వెనక గోడమీదున్న క్యాలెండరు చూపించాడు.

ఆ సాయంత్రమే పోలీసులు ప్రెస్సుకి వచ్చారు. చెప్పులు వేసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా జీపెక్కించడంతో ఆచారి కుడి పాదానికి గుమ్మం దగ్గరున్న రేకు గీరుకుపోయింది. మామూలు మనిషికైతే అది దెబ్బ కిందే లెక్క కాదు. ఆచారికి పన్నెండేళ్ళుగా షుగరు. వారం తిరిగేసరికి అది పుండయింది. జిల్లా జైల్లో డాక్టరు పోస్టు ఉంది, డాక్టరు కూడా ఉన్నాడు. ఆయన జైలుకి వచ్చేది ఎప్పుడో పుణ్యవతికి బాగా తెలుసు, ఆ గడి ప్రూఫు దిద్దింది ఆవిడే. ఆగస్టు పందొమ్మిది. అంతదాకా ఆ కాలు ఆగదు. ములాఖత్తులో ఆ పాదం చూసి వచ్చిన రోజు నుంచీ ఆవిడకి అన్నం సయించలేదు. ఎలాగైనా ఆయన్ని ఈలోగా బయటికి తెచ్చుకోవాలి, అంతే.

ముందస్తు ఏర్పాట్ల విభాగానికి గోవర్ధనరావు అని సూపరింటెండెంటు. ఆయన మాట్లాడితే ఫైలు పైకి చదువుతున్నట్టే ఉంటుంది. ఆయన్ని పట్టుకోవడానికి పుణ్యవతికి పన్నెండు రోజులు పట్టింది, ఎందుకంటే ఆ ఆఫీసుకి గొడుగు ఏప్రిల్ ఇరవై మూడున ఉంది.

తన భర్త ఏం చేశాడో చెప్పమని అడిగింది. ప్రభుత్వ రహస్యాన్ని బహిర్గతం చేశాడని గోవర్ధనరావు చెప్పాడు. ఏ రహస్యమని అడిగింది. అది చెబితే తానూ బహిర్గతం చేసినవాడవుతానన్నాడు. తనిఖీల జాబితాయే కదా అని ఆవిడ అనేసరికి ఆయన లేచి తలుపు వేసి, కిటికీ కూడా మూసి వచ్చి కూర్చున్నాడు.

"అమ్మా, తమరు అపోహలో ఉన్నారు. అట్టి జాబితా ఏదీ లేదు. తనిఖీలు ఆకస్మికం. ఆకస్మికమైన దానికి జాబితా ఉండుటకు వీలులేదు. లేని జాబితాను ఉన్నది ఉన్నట్టుగా ప్రచురించుటయే మీవారు చేసిన నేరం."

పుణ్యవతి కంసాలి ఇంట పుట్టిన మనిషి, ఎంత సన్నని అతుకునైనా వేలితో తడిమి పట్టుకోగలదు. ఈ మాటకి అతుకెక్కడో ఆవిడకీ అందలేదు. ఇంటికొచ్చి కూతురు హైమవతితో చెప్పింది. హైమవతి ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుంది. ఆ వాక్యాన్ని కాగితం మీద రాసుకుని అరగంట చూసి, "అమ్మా, తప్పుందే. కానీ అది ఎక్కడుందో చెబితే మనల్ని కూడా లోపలేస్తారు" అంది.

బెయిలుకి వేశారు. పట్టాభి అనే వకీలు మంచివాడు, ఫీజు ఊసెత్తకుండానే వకాల్తా తీసుకున్నాడు. ప్రభుత్వం వారు నేర వస్తువును సీలు వేసిన కవర్లో పెట్టి కోర్టుకి సమర్పించారు. అందులో రహస్యం ఉంది కాబట్టి ఎవరూ తెరవకూడదన్నారు. ఆ కవర్లో ఏముందో అందరికీ తెలుసు, కోర్టు హాల్లో గుమస్తా బల్ల పక్కన అదే క్యాలెండరు మేకుకి వేలాడుతోంది. పట్టాభి మర్యాదగా దాని వైపు చూపించాడు. మధ్యాహ్నానికల్లా దానికి తువ్వాలు కప్పారు. అటు తర్వాత ప్రభుత్వం తరఫున ప్రమాణపత్రం దాఖలైంది. జిల్లాలో తనిఖీల జాబితా గతంలో లేదు, ఇప్పుడు లేదు, ఈ కేసు నడుస్తున్నంత కాలం ఉండబోదు అని అందులో ఉంది. ముద్దాయి బయటికి వస్తే తేదీలు గుర్తు తెచ్చుకునే ప్రమాదం ఉందని కూడా ఉంది. బెయిలు రాలేదు.

ఈలోగా ఊళ్ళోని క్యాలెండర్లన్నీ స్వాధీనం చేసుకోమని పోలీసులకి ఉత్తర్వులొచ్చాయి. ఆడవాళ్ళు గుమ్మాలకడ్డం నిలబడ్డారు. ఏకాదశి ఎప్పుడో, అమావాస్య ఎప్పుడో మీ స్టేషనుకొచ్చి అడగాలా అని నిలదీశారు. దాంతో మధ్యేమార్గంగా కానిస్టేబుళ్ళు కత్తెరలు పట్టుకుని ఇంటింటికీ తిరిగి గొడుగు గుర్తున్న గడుల వరకు కత్తిరించుకుపోయారు. అంతకుముందు గొడుగు కనబడాలంటే కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికెళ్ళి చూడాల్సి వచ్చేది. ఇప్పుడు వీధిలో పోయేవాడికి కూడా ఏ తేదీకి కన్నం పడిందో తెలిసిపోతోంది. ఆ రోజు ఏ ఆఫీసో అప్పటికే ఊరందరికీ నోటికొచ్చు, చదువురాని వాళ్ళకి మరీ సుఖమైంది. మే నెలలో కన్నం రోజున రిజిస్ట్రారు ఆఫీసు దగ్గర జనం గోడ దూకారు.

పుణ్యవతి, హైమవతి సంతకాల ఉద్యమం మొదలుపెట్టారు. ఆచారిని విడుదల చేయాలని బ్యానరు రాసుకున్నారు గానీ, ఎందుకు పట్టుకున్నారో రాస్తే కేసవుతుందని పట్టాభి చెప్పాడు. అందుకని "ఫలానా తేదీల్లో ఫలానా బొమ్మ వేసినందుకు" అని రాశారు. అది చాలు, ఊరికి అర్థమైంది. బస్టాండు దగ్గర బల్ల వేసుకుని కూర్చుంటే జనం విరగబడి వచ్చి సంతకాలు పెట్టారు. పదిహేను రోజుల్లో నాలుగు వేలు దాటాయి. మస్తానమ్మ వేలిముద్ర మొట్టమొదటిది. ఆచారి అన్న లేకపోతే నా మోకాళ్ళు ఈపాటికి మూలన పడేవి అని అందరికీ చెప్పుకుంటూ ఆవిడే మనుషుల్ని పిలుచుకొచ్చేది.

అక్కడ జైల్లో ఆచారి పాదం నల్లబడింది. కాంపౌండరు రోజూ ఎర్రమందు పూస్తున్నాడట, అంతకుమించి తన పరిధిలో లేదట. జూన్ మొదటి ములాఖత్తులో వాసన తెలుస్తోంది. ఆయన మాత్రం ప్రెస్సులో రోలర్లు తుడుస్తున్నావా అని అడిగాడు. పుణ్యవతి బయటికొచ్చి జైలు గోడ పక్కన కూలబడి బిగ్గరగా ఏడ్చింది. హైమవతి ఆవిణ్ణి ఆపలేదు.

జిల్లా కార్యాలయంలో మాత్రం కన్నాల వ్యవహారం మీద సుదీర్ఘ సమీక్ష జరిగింది. రహస్యం బయటపడకుండా ఉండాలంటే రహస్యమే లేకుండా చేయాలని తేల్చారు. కన్నం పడిన తేదీల్లో తనిఖీలు నిషేధించారు. కొత్త జాబితా వేద్దామంటే కోర్టులో ప్రమాణపత్రం అడ్డొచ్చింది. కేసు నడుస్తున్నంత కాలం జాబితా ఉండబోదని రాసిచ్చి, జాబితా తయారుచేస్తే ధిక్కారం అవుతుంది. చేసేదేమీ లేక, తదుపరి ఉత్తర్వుల దాకా ఆకస్మిక తనిఖీలు ఆకస్మికంగానే జరపవలెనని జూన్ ఆరున సర్క్యులరు ఇచ్చారు. ఏ ఆఫీసుకి వెళ్ళాలో కలెక్టరుగారికే జీపెక్కేదాకా తెలియదు.

ఆ సర్క్యులరు చదివి అరవై ఆఫీసులూ గజగజ వణికిపోయాయి. అంతటి అరాచకాన్ని ఎవరూ తమ సర్వీసులో చూడలేదు. ఎప్పుడొస్తాడో తెలియని మనిషి కోసం ఏం చేయాలో సీనియర్లు తలలు పట్టుకుని ఆలోచించారు. రోజూ ఆఫీసుకి రావడం తప్ప మార్గం కనిపించలేదు. వచ్చారు. ఆస్పత్రిలో డాక్టర్లు ఎనిమిదిన్నరకే కుర్చీల్లో కూర్చున్నారు. రేషను డిపోలు తెరుచుకున్నాయి. మండలాఫీసులో గుమస్తాలు, పని ఉన్నవాడెవడైనా దొరికితే బాగుండునని గుమ్మంలో నిలబడి ఎదురు చూశారు. జైలు డాక్టరు తన పదకొండేళ్ళ సర్వీసులో మొదటిసారి గొడుగు లేని రోజున దారి అడుక్కుంటూ జైలుకి వచ్చి ఆచారి పాదం చూశాడు. చిటికెన వేలు తీసేయాల్సి వచ్చింది. ఇంకో పది రోజులు ఆగితే పాదమంతా పోయేదన్నాడు. అప్పటినుంచీ రోజూ తానే దగ్గరుండి కట్టు కట్టాడు. అందులో ఆచారి మీద అభిమానం ఏమీ లేదు, కలెక్టరు జీపు మీద భయం.

జులై మొదట్లో ఒక పొద్దున మస్తానమ్మ వచ్చి ప్రెస్సు అరుగు మీద కూర్చుంది. చాలాసేపు మోకాళ్ళ గురించి మాట్లాడింది. తర్వాత, ఆ సంతకాల కాగితం ఒకసారి తియ్యి వదినా అంది. పుణ్యవతి తీసింది.

"నా వేలిముద్ర కొట్టెయ్యి. కోపం తెచ్చుకోకు. పెద్దకోడలికి మొన్న బిడ్డ అడ్డం తిరిగింది. ఆస్పత్రిలో డాక్టరమ్మ ఉంది కాబట్టి తల్లీ పిల్లా దక్కారు. రెండో కోడలికి దసరాలకి నొప్పులొస్తాయి. అందాకా అన్నని లోపలే ఉండనియ్యి."

మస్తానమ్మ మొదటిదే గానీ చివరిది కాదు. రోజుకి నూట యాభై మంది వచ్చి పేర్లు కొట్టేయించుకున్నారు. కొందరు మొహమాటపడుతూ అరటిపళ్ళు తెచ్చిచ్చి మరీ కొట్టేయించుకున్నారు. ఆచారిగారు దేవుడంటూనే ఆ దేవుడు గర్భగుడిలోనే ఉంటే మంచిదన్నట్టు మాట్లాడారు. నెలాఖరుకి నాలుగు వేల సంతకాల్లో పదకొండు మిగిలాయి, అందులో రెండు పుణ్యవతివీ, హైమవతివీ. సిగ్గూ ఎగ్గూ లేని జనమని పుణ్యవతి వీధిలో నిలబడి తిట్టింది.

సరిగ్గా అప్పుడే ఉద్యమానికి కొత్త బలం వచ్చింది. ఆగస్టులో ఒక మధ్యాహ్నం అరవై ఆఫీసుల ఉద్యోగులు ప్లకార్డులు పట్టుకుని ప్రెస్సు ముందు బైఠాయించారు. ప్రచురణకర్తను విడుదల చేయాలి, అచ్చు స్వేచ్ఛను కాపాడాలి అని నినాదాలు. నినాదాలు రాసింది గోవర్ధనరావేనని వాటి భాష చూస్తేనే తెలుస్తోంది. "విడుదల చేయవలసినదిగా డిమాండు చేయడమైనది" అని ఏ ఉద్యమంలోనూ జనం అరవరు. భోజన విరామంలో రిలే నిరాహారదీక్షలు కూడా మొదలుపెట్టారు. వాళ్ళ బాధ న్యాయమైనదే. కేసు పోతే ప్రమాణపత్రం పోతుంది, ప్రమాణపత్రం పోతే జాబితా రావచ్చు, జాబితా వస్తే మనుషులు ఇళ్ళకి పోవచ్చు. అన్నిటికీ ఆచారి లోపల ఉండడమే అడ్డం.

సెప్టెంబరులో గోవర్ధనరావు స్వయంగా ఇంటికి వచ్చాడు. మనిషి నాలుగు నెలల్లో చిక్కిపోయాడు. రోజూ తొమ్మిదింటికల్లా ఆఫీసుకి రావడం వల్ల తన ఆరోగ్యం దెబ్బతిన్న విషయం విచారంతో తెలియజేశాడు. తర్వాత విషయానికొచ్చాడు.

"ప్రభుత్వం పునఃపరిశీలన చేసినది. దాచినందువల్లనే రహస్యం బయటపడినది. అసలు దాచకపోయిన యెడల బయటపడుటకు అవకాశమే లేదు. కావున ఇకపై తనిఖీ తేదీలు పారదర్శకంగా మీ క్యాలెండర్ ద్వారానే ప్రకటించబడును. ఆఫీసులకు వేరే జాబితా ఉండదు. తమరు ఈ హామీపత్రం మీద సంతకం చేసిన యెడల కేసు ఉపసంహరించబడును."

హైమవతికి ఇందులో ఏదో తేడా కొట్టింది. అక్కడ డాక్టరు రోజూ కట్టు కడుతున్నాడు కదమ్మా, కాలు సగమే మానింది, కాస్త ఆలోచించు అంది. ఇక్కడి డాక్టరూ రోజూ వస్తున్నాడుగా, మన కళ్ళముందే కట్టిద్దాం అంది పుణ్యవతి. తన మొగుడు తన ఇంట్లో ఉండాలన్నది తప్ప ఆవిడ బుర్రలో ఇంకో ఆలోచన లేదు. అయిదు నెలల తిరుగుడు ఆవిణ్ణి అలా చేసింది. సంతకం పెట్టేసింది.

అక్టోబరు మొదటి వారంలో ఆచారి విడుదలయ్యాడు. జైలు గేటు దగ్గర ఉద్యోగులు బాణసంచా కాల్చి, పూలదండలు వేశారు, ఆయన్ని పట్టుకుని కొందరు ఏడ్చారు కూడా. ఊళ్ళోకి వచ్చేసరికి వీధులు నిశ్శబ్దంగా ఉన్నాయి. ఆ సోమవారమే ఏడాది చివరిదాకా తనిఖీలన్నీ వాయిదా వేసినట్టు ఉత్తర్వు వచ్చింది.

మంగళవారం కట్టు మార్పించడానికి పుణ్యవతి ఆయన్ని ఆటోలో పెద్దాస్పత్రికి తీసుకెళ్ళింది. డాక్టరు గదికి తాళం. నర్సు గదికి తాళం. వరండాలో పదిహేను మంది రోగులు గోడకి చేరబడి కూర్చున్నారు. అందులో మస్తానమ్మ రెండో కోడలు నిండు నెలలతో ఉంది. ఒక ముసలావిడ ఆచారిని గుర్తుపట్టి లేచి వచ్చి, ఆయన చెయ్యి పట్టుకుని ఎంతో బాధగా అడిగింది.

"అప్పుడే వదిలేశారా నాయనా?"

ఆయన అవునమ్మా అని తల దించుకున్నాడు. పుణ్యవతికి మొదట ముసలావిడ మీద కోపం వచ్చింది. తర్వాత ఆ గర్భిణి మొహం చూసింది, తాళం చూసింది, మొగుడి పాదం మీద తడిసిన కట్టు చూసింది. కోపం ముసలావిడ మీద నిలవలేదు. జిల్లా కేంద్రంలో ప్రైవేటు ఆస్పత్రి ఉంది గానీ, రోజు విడిచి రోజు అరవై కిలోమీటర్లు బస్సులో ఆ కాలుతో తిప్పడం కుదిరే పని కాదు. ఇంటికి తీసుకొచ్చి, వేణ్ణీళ్ళతో కడిగి తనకి చేతనైనట్టు తానే కట్టింది. మస్తానమ్మ కోడల్ని మర్నాడు జిల్లా కేంద్రానికి తీసుకెళ్తుంటే దారిలో ఆటోలోనే కాన్పయింది. పిల్ల దక్కలేదు. ఆ కబురు విని పుణ్యవతి ఉన్నపళాన బయల్దేరింది. మస్తానమ్మ ఇంటికి వెళ్ళి కూర్చుంది గానీ, తన మొహం ఆవిడకి ఎలా చూపించాలో తెలియలేదు. మస్తానమ్మ ఒక్క మాటా అనలేదు, అంటే బాగుండేది.

నవంబరులో గోవర్ధనరావు దగ్గర్నుంచి తేదీల కాగితం వచ్చింది. సీలు, సంతకం, పైన పారదర్శకత అని శీర్షిక. ఏడాది మొత్తానికి పన్నెండు తేదీలు. ఇక రహస్యమనేదే మిగలరాదు కనుక ఈ కాగితానికి వేరే నకలు ఏ ఆఫీసులోనూ ఉంచలేదనీ, అచ్చు పూర్తికాగానే దీన్ని తగలబెట్టవలెననీ, ఇకపై జిల్లా యంత్రాంగం యావత్తుకీ క్యాలెండరే ప్రమాణమనీ కింద రాసి ఉంది. పుణ్యవతి దాన్ని రెండుసార్లు చదివింది.

ఆచారి దిండు మీద కాలు పెట్టుకుని లోపల పడుకున్నాడు, జ్వరంగా ఉంది. ప్రెస్సులో పనంతా ఆవిడదే. గడులు తానే పేర్చింది, ప్రూఫు తానే దిద్దింది. ఆచారి లోపల్నుంచి ఖాళీ గడులు ఎన్ని మిగిలాయని అడిగితే, ఒక్కటీ మిగల్లేదని చెప్పింది. ఆయన సంతోషించాడు. పదివేల కాపీలు అచ్చయ్యాక ఉత్తర్వు ప్రకారం కాగితాన్ని పొయ్యిలో పెట్టి కాఫీ కాచింది.

జనవరి ఒకటిన జిల్లా అంతా కొత్త క్యాలెండరు తగిలించుకుంది. జనవరి ఒకటి గడిలో గొడుగు ఉంది, కింద "అన్ని ఆఫీసులు" అని ఉంది. రెండో తేదీన కూడా ఉంది. ఆదివారాలు, పండగలు పోగా మిగిలిన ప్రతి గడిలోనూ డిసెంబరు ముప్ఫై ఒకటి దాకా గొడుగే. కలెక్టరుగారి క్యాంపు గుమస్తా పొద్దున్నే క్యాలెండరు చూడడం, ఇవాళ తనిఖీ ఉందని చెప్పడం, ఆయన జీపెక్కడం. క్యాలెండరే ప్రమాణమని సర్క్యులరు ఉంది, కాదనడానికి ఎవరికీ అధికారం లేదు. అరవై ఆఫీసులకీ షామియానాలు శాశ్వతంగా పాతేశారు. డాక్టర్లు మళ్ళీ ఎనిమిదిన్నరకి కుర్చీల్లో కనిపించారు. ఆచారి పాదానికి రోజూ శుభ్రంగా కట్టు పడుతోంది, ఇంకో మూడు నెలలు ఇలాగే సాగితే పూర్తిగా మానుతుందని డాక్టరు చెప్పాడు.

జనవరి పద్దెనిమిదిన గోవర్ధనరావు ఇన్‌స్పెక్టరుని వెంటబెట్టుకుని ప్రెస్సుకి వచ్చాడు. తొమ్మిదింటికే వచ్చాడు, అలవాటైపోయింది పాపం. ఆచారి ఆస్పత్రికి వెళ్ళాడు. పుణ్యవతి మెషీను తుడుస్తోంది. గోవర్ధనరావు కాగితం తీసి చదివాడు.

"ప్రభుత్వం వారు ప్రజలకు తెలియజేయుటకు అప్పగించిన పన్నెండు తేదీలను మూడు వందల తేదీల మధ్య దాచిపెట్టి, ప్రభుత్వ సమాచారాన్ని ప్రజలకు తెలియకుండా చేసిన నేరానికి ప్రచురణకర్తను అరెస్టు చేయవలసినదిగా ఉత్తర్వులు. వీరభద్రాచారి ఎక్కడ?"

పుణ్యవతి చేతులు తుడుచుకుని, గోడమీద క్యాలెండరు అడుగున ఉన్న సన్నని అక్షరాలు చూపించింది. ఇన్‌స్పెక్టరు వంగి చదివాడు. ప్రచురణ: పుణ్యవతి, విశ్వకర్మ ప్రెస్సు.

గోవర్ధనరావు ఇన్‌స్పెక్టరుని కాస్త అవతల నిలబడమన్నాడు. ఆఫీసు భాష వదిలేశాడు. ఆ పన్నెండు తేదీలేవో చెవిలో చెప్పెయ్యమ్మా, ఇదంతా ఇక్కడితో వదిలేద్దాం, నాకు బీపీ వచ్చింది అని బతిమాలాడు. ఆయన బాధ అబద్ధం కాదు.

"అది నేను చెప్పకూడదండీ, రహస్యం" అంది పుణ్యవతి.

ఇన్‌స్పెక్టరుకి పాత అనుభవం ఉంది కాబట్టి ఈసారి చెప్పులు వేసుకోనిచ్చాడు. ఆవిడ జీపెక్కుతుండగా ఆచారి కొత్త కట్టుతో కర్ర పట్టుకుని వీధి మలుపు తిరిగాడు. విషయం తెలిసి ఆయన మొహంలో రక్తం లేదు. ఇంతకాలం తన కోసం ఆవిడ ఎన్ని గుమ్మాలు ఎక్కిందో గుర్తొచ్చింది. ఇప్పుడే పట్టాభి దగ్గరికి పోతాననీ, సంతకాలు మొదలుపెడతాననీ, ఊరంతటినీ లేపి పది రోజుల్లో బయటికి తెస్తాననీ అన్నాడు.

పుణ్యవతి జీపులోంచి వంగి ఆయన పాదానికేసి చూసింది. కట్టు తెల్లగా, పొడిగా ఉంది.

"అలాంటి పనులేం పెట్టుకోకండి" అంది. "ఆ కాలు మానేదాకా నన్ను విడిపించకండి."